టాంగా, 1914 నవంబర్: ఏ గంటకి ఎవరి ఎదుట ఎవరున్నారు

సముద్రం మీద నుంచి వచ్చి శత్రువు తీరంలో సైన్యాన్ని దించడం గురించి యువ ఆఫీసర్లకు చెప్పేటప్పుడు నేను నార్మండీ జోలికి పోను. టాంగాతో మొదలుపెడతాను. తూర్పు ఆఫ్రికా తీరంలో, ఇప్పటి టాంజానియాలో ఉన్న చిన్న రేవు పట్నం అది. మొదటి ప్రపంచ యుద్ధం తొలి నెలల్లో, జర్మన్ల చేతిలో ఉన్న ఆ పట్నం మీద బ్రిటిష్ బలగం చేసిన దాడి 1914 నవంబర్ 2న మొదలై 5వ తేదీకల్లా అంతా అయిపోయింది. రెండు పక్కల దళాలూ ఒక్క సాండ్ మోడల్ (ఇసుకతో చేసిన నేల నమూనా) మీద పట్టేస్తాయి. పైగా ఓడల్లోంచి దిగినవాళ్ళలో ఎక్కువమంది మన సిపాయిలే. పారిపోయారంటూ మన సిపాయిల మీద ఆ తర్వాత పడ్డ నింద ఎంతవరకు న్యాయమో తేల్చుకోవడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

కేసు విప్పగానే క్లాసులో అందరి కళ్ళూ ఒకే లెక్క మీద పడతాయి. దిగినవాళ్ళు దాదాపు 8,000. ఎదురు నిలిచినవాళ్ళు, పోరు ముదిరిన రోజుకి కూడా, వెయ్యికి కాస్త అటూ ఇటూ. "ఇంత బలం ఉండి ఎలా ఓడిపోయారు సార్?" అని అడుగుతారు. ఆ రెండు అంకెలూ చెరిపేయమంటాను. వాటి బదులు ఆ రోజుల్ని గంటలుగా విడగొట్టి, ఏ గంటకి, ఏ చోట, ఏ బెటాలియన్ (ఏడెనిమిది వందల మంది దళం) ఎదుట ఏ కంపెనీ (రెండు వందల మంది దాకా ఉండే దళం) ఉందో రాయమంటాను. అలా రాసుకుంటూ పోతే, పోరు జరిగిన ఏ గంటలోనూ ఎనిమిదికి ఒకటి అన్న లెక్క కనబడదు. కొన్నిచోట్ల తుపాకుల సంఖ్య సరిసమానం దగ్గరికి వచ్చేస్తుంది. రెండు రాత్రులు మాత్రం పట్నంలో జర్మన్ల వైపు దాదాపు ఎవరూ లేరు. ఆ సంగతి బ్రిటిష్ వాళ్ళకి తెలియలేదు.

దిగడానికి వచ్చిన దళాలు

ఈ బలగం పేరు ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ బి. కమాండర్ మేజర్ జనరల్ ఆర్థర్ ఐట్కెన్. చేతికింద రెండు బ్రిగేడ్లు, అంటే కొన్నేసి బెటాలియన్లు కలిసిన దళాలు.

మొదటిది 27వ బెంగళూరు బ్రిగేడ్, బ్రిగేడియర్ జనరల్ వాప్‌షేర్ కింద. ఇది మన సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 9వ డివిజన్‌లోని బ్రిగేడ్. ఇందులో 2వ లాయల్ నార్త్ లాంకషైర్ అనే ఇంగ్లిష్ బెటాలియన్, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ, 98వ ఇన్‌ఫాంట్రీ, 101వ గ్రెనేడియర్స్ ఉన్నాయి. 98వ ఇన్‌ఫాంట్రీ పుట్టుక హైదరాబాద్ కంటింజెంట్‌లో, అంటే నిజాం ఖర్చుతో ఇంగ్లిష్ ఆఫీసర్ల కింద నడిచిన సైన్యంలో. రెండోది ఇంపీరియల్ సర్వీస్ బ్రిగేడ్, బ్రిగేడియర్ జనరల్ టై కింద. ఇందులో 13వ రాజ్‌పుత్స్, 2వ కశ్మీర్ రైఫిల్స్, 3వ కశ్మీర్ రైఫిల్స్‌లో సగం, గ్వాలియర్ ఇన్‌ఫాంట్రీలో సగం. వీటికి తోడు దారులు వేసే మద్రాసు దళమైన 61వ పయనీర్స్, 28వ మౌంటెన్ బ్యాటరీ (చిన్న ఫిరంగుల దళం), ఫరీద్‌కోట్ శాపర్లు (ఇంజినీరింగ్ పనుల సిపాయిలు), రైల్వే కంపెనీలు. ఆ 8,000లో ఇలాంటివాళ్ళందరినీ తీసేస్తే రైఫిల్ పట్టుకుని ముందు వరసలో నడిచేవాళ్ళు చాలా తగ్గిపోతారు.

పేర్లు చదువుతుంటే బలగం గట్టిగానే కనిపిస్తుంది. కానీ ఈ బెటాలియన్లు కలిసి ఎప్పుడూ శిక్షణ పొందలేదు. బ్రిగేడ్ కమాండర్లకీ బెటాలియన్లకీ సరైన పరిచయం లేదు. కొన్ని బెటాలియన్లు ఒక తరం పాటు అసలు యుద్ధమే చూడలేదు. కొందరి చేతికి కొత్త మోడల్ రైఫిల్ ఓడ ఎక్కే ముందే వచ్చింది. అక్టోబర్ 16న బొంబాయిలో బయల్దేరిన కాన్వాయ్ అక్టోబర్ నెలాఖరుకి తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళ రేవైన మొంబాసా చేరింది. బయల్దేరకముందు ఇరుకు ఓడల్లో కూర్చోబెట్టిన రోజులు అదనం. సముద్రం ఎప్పుడూ చూడనివాళ్ళు అన్నం సహించక, వాంతులతో నీరసించి ఉన్నారు. మొంబాసాలో దించి నాలుగు రోజులు కాళ్ళు సాగనిస్తే బాగుండేదని సలహా వచ్చింది, ఐట్కెన్ వద్దన్నాడు. ఆ అడవులు ఎరిగిన కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్ (బ్రిటిష్ వాళ్ళ స్థానిక ఆఫ్రికన్ దళం) వాళ్ళని ఇస్తామన్నా తీసుకోలేదు.

మద్రాసు దళాల గురించి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో లార్డ్ రాబర్ట్స్ లాంటి కమాండర్లు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని దక్షిణాది రిక్రూట్‌మెంట్‌ను కోసేశారు. ఒకప్పుడు మద్రాసు సైన్యానికి వెన్నెముకగా ఉన్న తెలుగువాళ్ళని పదాతి దళాల్లోకి తీసుకోవడం మానేశారు. మిగిలిన మద్రాసు బెటాలియన్లకి సరిహద్దు యుద్ధాలు దక్కలేదు, మంచి ఆఫీసర్లు అటు పోవడానికి ఇష్టపడలేదు. అంటే ముందు పనికిరారని పక్కన కూర్చోబెట్టారు, ఏళ్ళ తరబడి కూర్చోబెట్టాక పనికిరాకుండా పోయారన్నారు. టాంగా తర్వాత వచ్చిన మాటలు చదివేటప్పుడు ఈ వరస గుర్తుంచుకోవాలి.

ఎదురు నిలిచిన దళాలు

జర్మన్ తూర్పు ఆఫ్రికా సైన్యం పేరు షుట్జ్‌ట్రుప్పె. దాని కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ పాల్ ఫాన్ లెట్టో-ఫోర్బెక్. ఆయనకీ, యుద్ధం తన కాలనీ గడప తొక్కకూడదని కోరుకున్న గవర్నర్ హైన్రిష్ ష్నీకీ పడేది కాదు.

షుట్జ్‌ట్రుప్పెకి బెటాలియన్ కన్నా ఫీల్డ్ కంపెనీయే ముఖ్యం. ఒక్కో కంపెనీలో నూట అరవై నుంచి రెండు వందల వరకు అస్కారీలు, అంటే ఆఫ్రికన్ సిపాయిలు. పైన పది పదిహేనుమందికి మించి జర్మన్ ఆఫీసర్లు, ఎన్‌సీఓలు. సొంత మెషిన్ గన్లు, సొంత కూలీలు, సొంత సామాను. ఏళ్ళ తరబడి కలిసి బతికినవాళ్ళు, ఆఫీసర్లకి అస్కారీల స్వాహిలీ వచ్చు. ఆయుధాలు మాత్రం మెరుగేమీ కాదు. చాలా కంపెనీల్లో 1871 మోడల్ పాత రైఫిళ్ళు, పేలిస్తే నల్లమందు పొగ గుప్పుమని చోటు పట్టించేసేవి.

ఒక భారతీయ బెటాలియన్‌లో ఏడెనిమిది వందల మందికి ఉన్నవి రెండు మెషిన్ గన్లు. జర్మన్లకి రెండు వందల మంది కంపెనీకే రెండు నుంచి నాలుగు. వందడుగుల దూరం కనిపించని తోటల్లో ఈ తేడా మనుషుల సంఖ్య కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఇక ఆఫీసర్ల సంగతి. భారతీయ బెటాలియన్‌లో ఇంగ్లిష్ ఆఫీసర్లు డజనుకి కాస్త పైన ఉంటారు. నిర్ణయాలన్నీ వాళ్ళవే. వాళ్ళు ముందు నిలబడి నడిపిస్తారు కాబట్టి ముందు పడేదీ వాళ్ళే. నలుగురైదుగురు పడిపోతే బెటాలియన్ మొత్తానికి చెప్పేవాళ్ళు లేకుండా పోతారు.

నవంబర్ 2: చెప్పి వచ్చిన దాడి

టాంగాని ఎంచుకోవడానికి కారణం రైలు. ఉసాంబరా లైన్ టాంగాలో మొదలై కిలిమంజారో కింద ఉన్న మోషి దాకా సుమారు 350 కిలోమీటర్లు వెళ్తుంది. టాంగా నుంచి ఒక బలగం, ఉత్తరాన లాంగిడో వైపు నుంచి ఇంకో బలగం ఒకేసారి నొక్కితే మధ్యలో లెట్టో ఇరుక్కుంటాడని ప్లాన్. పాఠం చెప్పేవాడిగా ఈ ప్లాన్‌లో నాకు తప్పు కనిపించదు. కానీ ఆ రైలు లైనుకి రెండు చివర్లున్నాయి. దాన్ని పట్టుకునేదాకా అది లెట్టోకే పనికొస్తుంది.

నవంబర్ 2 ఉదయం హెచ్‌ఎంఎస్ ఫాక్స్ అనే బ్రిటిష్ క్రూజర్ (యుద్ధనౌక) ఒంటరిగా రేవు ముందుకి వచ్చింది. అంతకుముందు నౌకాదళం స్థానికంగా టాంగాతో ఒక కాల్పుల విరమణ మాట అనుకుంది. దాన్ని పైవాళ్ళు ఆమోదించలేదు. అయినా చెప్పకుండా దాడి చేయడం మర్యాద కాదని ఫాక్స్ కెప్టెన్ కాల్‌ఫీల్డ్ పట్టుబట్టాడు. జిల్లా అధికారి ఆవురాఖర్‌ని ఓడ మీదకి పిలిపించి, విరమణ రద్దయిందని, పట్నం అప్పగించడానికి గంట టైమిస్తున్నానని చెప్పాడు. రేవులో మైన్లు (నీళ్ళలో పెట్టే మందుపాతరలు) ఉన్నాయా అని కూడా అడిగాడు. ఆవురాఖర్ ఒడ్డుకి వెళ్ళి చేసిన పని లెట్టోకి టెలిగ్రామ్ కొట్టించి, తుపాకీ పట్టుకోవడం. ఆ తర్వాత ఫాక్స్ రేవులో మైన్ల కోసం వెతుకుతూ పొద్దు గడిపింది. అక్కడ ఒక్క మైన్ కూడా లేదు.

లెట్టోకి ఇది పూర్తిగా కొత్త కబురేమీ కాదు. పట్టుబడ్డ ఉత్తరాల వల్ల భారత్ నుంచి పెద్ద బలగం వస్తోందని ముందే తెలుసు. తెలియనివి తేదీ, చోటు. ఆ రెండూ ఫాక్స్ చెప్పేసింది.

ఆ ఉదయం టాంగాలో ఉన్నవాళ్ళు 17వ ఫీల్డ్ కంపెనీ, కొందరు పోలీసులు, అంతే. క్లాసులో ఈ గంట దగ్గర ఎప్పుడూ ఆగుతాను. కాన్వాయ్‌లో 14 రవాణా ఓడలున్నాయి. ఎదుట ఉన్నది ఒక్క కంపెనీ. మొత్తం ఆపరేషన్‌లో కాగితం లెక్కా, నేల లెక్కా కలిసిన గంటలు ఇవే, ఇవన్నీ మైన్ల వెతుకులాటలో పోయాయి. మోషిలో అప్పటికే రైలు ఇంజన్లలో ఆవిరి ఎక్కుతోంది.

ఇక్కడ నేను కాల్‌ఫీల్డ్ ఒక్కడినే దోషిగా నిలబెట్టను. నౌకాదళ కెప్టెన్ ఏం చేయబోతున్నాడో ఐట్కెన్‌కి తెలుసు. ఆపగలిగేంత పట్టుదల చూపించలేదు. సముద్రం మీద ఎవరి మాట చివరిది, దిగడం మొదలయ్యాక ఎవరిది అన్న ప్రశ్నకి స్పష్టమైన జవాబు లేకుండానే ఇద్దరూ ఒకే ఆపరేషన్ నడిపారు.

నవంబర్ 3 ఉదయం: బెటాలియన్న్నర

నేరుగా రేవులో దిగకుండా పట్నానికి తూర్పున మూడు కిలోమీటర్ల దూరంలో రాస్ కసోనే అనే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల ముక్కు దగ్గర దిగాలని నిర్ణయించారు. అక్కడి తీరం మడ చెట్లు, బురద, పైన గట్టు. ఆ గట్టు మీద ఒక ఎర్ర ఇల్లు ఉండడంతో చీకట్లో దాన్ని గుర్తుగా పెట్టుకున్నారు. పడవలు ఒడ్డు దాకా రాలేదు. సిపాయిలు నడుము లోతు నీళ్ళలోకి దూకి, మడ వేళ్ళ మధ్య కాళ్ళు ఇరుక్కుంటూ ఎక్కారు. నవంబర్ 2 రాత్రి దిగింది టై చేతికింద 13వ రాజ్‌పుత్స్, 61వ పయనీర్స్‌లో కొంతభాగం.

తెల్లారగానే టై వాళ్ళతోనే పట్నం మీదకి నడిచాడు. మిగతా బలగం ఇంకా ఓడల్లోనే ఉంది. పట్నం తూర్పు అంచున రైలు పట్టాల కోసం తవ్విన లోతైన కోత ఉంది. జర్మన్లు దాన్ని కందకంలా వాడుకున్నారు. చెట్ల మధ్యలోంచి రాజ్‌పుత్‌లు బయటికి రాగానే మెషిన్ గన్లు అందుకున్నాయి. ముందేముందో చూడడానికి ఎత్తుగా ఉన్న చోటు ఎక్కిన ఆఫీసర్లు అక్కడికక్కడే పడిపోయారు. సరిగ్గా ఆ సమయానికే మోషి నుంచి మొదటి రైళ్ళు పట్నానికి చేరాయి. దిగిన అస్కారీలు దిగినట్టే బ్రిటిష్ ఎడమ పక్కకి చుట్టి కొట్టారు. ముందు పయనీర్లు, తర్వాత రాజ్‌పుత్‌లు వెనక్కి జరిగారు. దాదాపు మూడు వందల మంది చనిపోయారు లేదా గాయపడ్డారు.

ఆ గంటకి లెక్క చూడండి. బెటాలియన్న్నర మంది, అందులో కొంతమంది రోడ్లు, వంతెనలు కట్టే పనిలో ఆరితేరిన పయనీర్లు. రాత్రంతా తడిసి, నిద్ర లేక, ఫిరంగుల తోడు లేకుండా వెళ్ళారు. ఎదుట మెషిన్ గన్లతో సిద్ధంగా ఉన్న కంపెనీ, దాని వెనక గంట గంటకీ పెరుగుతున్న రైలు బలగం. దీన్ని ఎనిమిదికి ఒకటి అనడం ఎలా కుదురుతుంది? పయనీర్లు వెనక్కి జరిగారన్న సంగతి దాచను. అయితే పయనీర్లని మొదటి దాడిలో వాడింది ఎవరన్న ప్రశ్న కూడా దాచను.

అదే రోజు ఉత్తరాన లాంగిడో దాడి కూడా మొదలై, సాయంత్రానికి విఫలమైంది. లెట్టోని అక్కడ కట్టిపడేస్తుందనుకున్న దాడి అది. అప్పటికే లెట్టో రైలెక్కాడు.

నవంబర్ 3 రాత్రి: ఖాళీ పట్నం

ఈ రాత్రి గురించి ఎంతసేపు మాట్లాడినా నాకు తనివి తీరదు.

ఉదయం గెలిచినా టాంగాలోని జర్మన్ల కమాండర్ కెప్టెన్ బౌమ్‌స్టార్క్‌కి ధైర్యం చాలలేదు. రేవులో అన్ని ఓడలు, తీరంలో దిగుతూనే ఉన్న సైన్యం. తెల్లారితే మళ్ళీ దాడి తప్పదని, పట్నంలో ఉంటే చుట్టేస్తారని అనుకుని సాయంత్రానికి తన కంపెనీల్ని పడమటి వైపున్న కాంగే స్టేషన్ దగ్గరికి లాక్కున్నాడు. పట్నంలో మిగిలింది నామమాత్రపు కాపలా.

లెట్టో రైలు కాంగే చేరింది తెల్లవారుజామున. సంగతి విని ఆయన నమ్మకం కోసం ఎవరినో పంపలేదు. ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని సైకిల్ మీద తానే టాంగాలోకి వెళ్ళాడు. పున్నమి దాటిన మర్నాడో ఏమో, పిండారబోసినట్టు వెన్నెల. తెల్లటి ఇళ్ళు, మనిషి అలికిడి లేని వీధులు. రేవు గట్టుకి వచ్చేసరికి ఎదురుగా, కూతవేటు దూరంలో, దీపాలు ధగధగలాడుతున్న రవాణా ఓడలు, వాటి మీద గోల. తన రెండు పాత ఫిరంగులు ఇంకా రానందుకు ఆయన చాలా బాధపడ్డాడని తన జ్ఞాపకాల్లోనే రాసుకున్నాడు. అక్కడితో ఆగక ఇంకా ముందుకి, రాస్ కసోనే వైపే వెళ్ళాడు. ఆసుపత్రి దగ్గర సైకిళ్ళు వదిలి తీరం దాకా నడిచాడు. ఎదురుగా నీళ్ళలో బ్రిటిష్ క్రూజర్. తిరిగొస్తుంటే ఆసుపత్రి దగ్గర ఒక భారతీయ కాపలా జట్టు ఎవరక్కడ అన్నట్టుగా కేకేసింది. ఆయనకి భాష అర్థం కాలేదు, ఎవరూ కనబడలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

శత్రు సైన్యాధిపతి బ్రిటిష్ కాపలా పక్కనుంచి నడిచిపోయి, మర్నాడు ఎక్కడ ఎవరిని నిలబెట్టాలో కళ్ళారా చూసుకున్నాడు. అదే రాత్రి బ్రిటిష్ వైపు నుంచి పట్నంలోకి గట్టి గస్తీ ఒక్కటి వెళ్ళలేదు. రోజంతా దిగిన బెటాలియన్లు తీరంలో గుమిగూడి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల తెల్లారేదాకా ఖాళీగా ఉన్నది టాంగాయే. కాపలా జట్టు తన పని తాను చేసింది, కేకేసింది. ఆ కేకని అందుకుని కదిలే ఏర్పాటు పైన లేదు. మూడు కిలోమీటర్ల దూరంలో ఏముందో చూసి రమ్మని నలభైమందిని పంపని లోటు ఏ సిపాయి ఖాతాలోనూ పడదు.

నవంబర్ 4: మధ్యాహ్నం నుంచి చీకటిదాకా

ఐట్కెన్ బలగం దాదాపు మధ్యాహ్నానికి గానీ కదల్లేదు. భూమధ్యరేఖకి దగ్గరి ఎండ. కొబ్బరి తోటలు, రబ్బరు తోటలు, వాటి మధ్య తల ఎత్తు పొదలు. పక్కన నడిచే కంపెనీ కనిపించదు. కుడివైపున, సముద్రం పక్కన, కశ్మీర్ రైఫిల్స్, నార్త్ లాంకషైర్. మధ్యలో 63వ పాలంకోట. ఎడమ చివర 101వ గ్రెనేడియర్స్. వెనక 98వ, 13వ రాజ్‌పుత్స్, 61వ పయనీర్స్. మౌంటెన్ బ్యాటరీ గన్లని ఒడ్డుకి దించకుండా ఓడ డెక్ మీద నుంచే పేల్చారు. ఫాక్స్ కూడా పేల్చింది. ఒడ్డు నుంచి గురి సరిదిద్ది చెప్పే పద్ధతి సరిగా లేకపోవడంతో గుళ్ళు ఎక్కడెక్కడో పడ్డాయి, ఒకటి ఆసుపత్రికీ తగిలింది.

లెట్టో అమరిక వేరు. పట్నం తూర్పు అంచు పొడవునా పలచగా 6వ ఫీల్డ్ కంపెనీ. దాని వెనక కుడి పక్కకి బౌమ్‌స్టార్క్ కింద 16వ, 17వ కంపెనీలు. ఇంకా వెనక, ఇంకా కుడికి, కనిపించకుండా దాచుకున్నవి అసలైన బలం: జర్మన్ సెటిలర్లతో కట్టిన 7వ, 8వ షుట్జెన్ కంపెనీలు, 1వ, 13వ ఫీల్డ్ కంపెనీలు, వాటి మెషిన్ గన్లు. 4వ, 9వ కంపెనీలు, రెండు ఫిరంగులు ఇంకా రైల్లోనే ఉన్నాయి. ముందు వరస వంగితే వంగనీ, పక్కనుంచి ఒకే దెబ్బ కొట్టాలన్నది ఆలోచన. ఎవరికి వాళ్ళుగా ఉండే చిన్న కంపెనీలుంటేనే ఇది కుదురుతుంది.

ఇప్పుడు ఎవరి ఎదుట ఎవరు అన్నది జంటలుగా చూడాలి. కుడివైపున కశ్మీర్ రైఫిల్స్‌లోని గూర్ఖాలు, డోగ్రాలు, పక్కన నార్త్ లాంకషైర్ కలిసి 6వ కంపెనీని నెట్టుకుంటూ రైలు కోత దాటి పట్నంలో పడ్డారు. ఇంటింటికీ పోరు. కస్టమ్స్ భవనం పట్టుకున్నారు, ఒక హోటల్ మీది జర్మన్ జెండా దించేశారు. ఈ గంటకి ఇక్కడ గెలుస్తున్నది బ్రిటిష్ పక్షమే. లెట్టో తన దాచిన బలంలోంచి కెప్టెన్ టామ్ ఫాన్ ప్రిన్స్‌ని రెండు కంపెనీలతో పట్నంలోకి పంపాల్సి వచ్చింది. ఆ వీధుల్లోనే ఫాన్ ప్రిన్స్ చనిపోయాడు.

మధ్యలో 63వ బెటాలియన్ చెదిరిపోయింది. ఎండ, దాహం, కనిపించని శత్రువు, పొదల్లోంచి మెషిన్ గన్. తుపాకులు వదిలేసి తీరం వైపు పరుగెత్తినవాళ్ళున్నారు. అది దాచిపెట్టాల్సిన సంగతి కాదు. దానితో నడిమిలో పెద్ద ఖాళీ పడింది. ఎడమ చివర 101వ గ్రెనేడియర్స్ ఒంటరిగా మిగిలిపోయారు. వాళ్ళు ఇంకా ముందుకే నడుస్తున్నారు, తమ ఎడమ పక్కన శత్రువు పొడుగ్గా సాగి ఉన్నాడని తెలియకుండా. సాయంత్రం 13వ ఫీల్డ్ కంపెనీ నాలుగు మెషిన్ గన్లతో వాళ్ళ పార్శ్వం మీద విరుచుకుపడింది. కొద్దిసేపట్లో గ్రెనేడియర్స్ దారుణంగా నష్టపోయారు. బ్రిటిష్ ఎడమ అంచు మొత్తం తీరం వైపు మడతపడిపోయింది. పట్నంలో గెలుస్తున్న కశ్మీర్ రైఫిల్స్, నార్త్ లాంకషైర్ కూడా పక్కన ఎవరూ లేక వెనక్కి రావాల్సి వచ్చింది.

తేనెటీగల కథ అందరికీ తెలిసిందే. చెట్లకి వేలాడదీసిన తేనె గూళ్ళకి తూటాలు తగిలి, కదిలిన తేనెటీగలు ముందుకి వస్తున్న 98వ దళం మీద పడ్డాయి. జర్మన్ మెషిన్ గన్ జట్లనీ వదల్లేదు. శత్రువు కావాలని పెట్టిన ఉచ్చు అని బ్రిటిష్ పత్రికలు ప్రచారం చేసుకున్నాయి. దానికి ఆధారం లేదు. యుద్ధాన్ని తేనెటీగలు ఓడించాయన్న మాట వినడానికి సరదాగా ఉంటుంది, కమాండర్ తప్పు మీద పరదా కూడా కప్పుతుంది. అందుకే క్లాసులో దానికి రెండు నిమిషాలకి మించి ఇవ్వను.

చీకటి పడ్డాక మళ్ళీ అదే వింత జరిగింది. జర్మన్ బ్యూగిల్‌ని, ఆదేశాల్ని కొన్ని కంపెనీలు తప్పుగా అర్థం చేసుకుని కాంగే వైపు వెనక్కి వెళ్ళిపోయాయి. రెండో రాత్రి కూడా టాంగా దాదాపు ఖాళీ. రెండో రాత్రి కూడా బ్రిటిష్ వాళ్ళకి అది తెలియలేదు.

నవంబర్ 5, తర్వాత

ఆ రాత్రే ఐట్కెన్ తిరిగి ఓడలెక్కాలని నిర్ణయించాడు. మర్నాడు నార్త్ లాంకషైర్, కశ్మీర్ రైఫిల్స్ కాపు కాస్తుండగా మిగతావాళ్ళు పడవలెక్కారు. చప్పుడు కాకుండా, త్వరగా వెళ్ళాలన్న తొందరలో సామాను తీరంలోనే వదిలేశారు. లెట్టో లెక్క ప్రకారం మూడు కంపెనీలకి సరిపడా కొత్త రైఫిళ్ళు, ఆరు లక్షల తూటాలు, మెషిన్ గన్లు, టెలిఫోన్ పరికరాలు, బట్టలు చేతికి చిక్కాయి. ఒక నిమిషం ముందు నల్లమందు పొగతో కొట్టాడిన కంపెనీలకి లండన్ ఖర్చుతో కొత్త ఆయుధాలు అందాయి. తెల్లజెండాతో వెళ్ళి గాయపడ్డవాళ్ళ గురించి మాట్లాడిన ఇంటెలిజెన్స్ ఆఫీసర్ కెప్టెన్ మైనర్ట్‌జ్‌హేగన్‌కి జర్మన్లు టిఫిన్ పెట్టి మర్యాద చేశారు.

బ్రిటిష్ పక్షంలో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, కనబడకుండా పోయినవాళ్ళు కలిపి ఎనిమిది వందలు దాటారు. జర్మన్ల వైపు చనిపోయినవాళ్ళు సుమారు డెబ్భైమంది, వాళ్ళలో ఎక్కువమంది అస్కారీలు. నెలల పాటు బ్రిటన్ ఈ కబురు జనానికి తెలియనివ్వలేదు. తూర్పు ఆఫ్రికా యుద్ధాన్ని భారత ప్రభుత్వం చేతిలోంచి తీసి లండన్‌లోని వార్ ఆఫీసుకి (యుద్ధ శాఖకి) అప్పగించారు. ఐట్కెన్‌ని కల్నల్ స్థాయికి దించారు. టాంగా బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది 1916 జులైలో. లెట్టో ఆయుధాలు దించింది 1918 నవంబర్ 25న, యూరప్‌లో యుద్ధం ఆగి రెండు వారాలయ్యాక.

నింద మాత్రం సిపాయిల మీద నిలిచిపోయింది. ముఖ్యంగా మైనర్ట్‌జ్‌హేగన్ డైరీల్లోని మాటలు ఏళ్ళపాటు తిరిగి తిరిగి అచ్చయ్యాయి. ఆ డైరీలని నమ్మడానికి లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. వాటిని పక్కన పెట్టి బెటాలియన్ల వారీగా చూస్తే ఒకే ప్రశ్నకి వేర్వేరు జవాబులొస్తాయి. 63వ నిలబడలేదు. 101వ నిలబడి చచ్చింది. కశ్మీర్ సంస్థానం సిపాయిలు ఇంగ్లిష్ బెటాలియన్ పక్కన సమానంగా పోరాడి పట్నంలోకి వెళ్ళారు. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టి 'ఇండియన్ దళాలు పారిపోయాయి' అనడం అబద్ధం. ఆ మాట ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తుంది, చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

సాండ్ మోడల్ మీద

చివరికి క్లాసుని రెండు జట్లు చేసి నవంబర్ 3 సాయంత్రం నుంచి ఆట మళ్ళీ మొదలుపెట్టిస్తాను. బ్రిటిష్ జట్టుకి పట్నం ఖాళీ అని చెప్పను. ఐట్కెన్‌కి తెలిసినంతే వాళ్ళకీ తెలుసు. చాలామంది మొదట తెల్లారేదాకా ఆగి మొత్తం బలగంతో కదలాలంటారు. ఉదయం దెబ్బ తిన్న తర్వాత అది సహజం. కానీ ఎవరో ఒకరు, ఎక్కువగా గస్తీ పనిలో తలలు పండిన సుబేదార్ల దగ్గర పనిచేసి వచ్చిన కుర్ర కెప్టెన్, వెన్నెల ఉంది కదా, రెండు చిన్న జట్లని రైలు కోత దాకా పంపుదాం అంటాడు. ఆ జట్లు అర్ధరాత్రిలోపే వెనక్కి వస్తాయి. కశ్మీర్ రైఫిల్స్ అప్పుడే పట్నంలోకి నడుస్తుంది, దాని వెనక నార్త్ లాంకషైర్. కోతలో తుపాకులు పడమటి వైపుకి తిరుగుతాయి, రేవు ఫాక్స్ చేతిలోకి వస్తుంది, పడవలు మడ బురదలో కాకుండా గట్టుకే సామాను దించుతాయి.

తెల్లవారుజామున కాంగే స్టేషన్లో రైలు దిగే లెట్టోకి అప్పుడు మిగిలేది వెయ్యిమంది, ఇంకా దారిలో ఉన్న రెండు పాత ఫిరంగులు, ఎదుట ఇళ్ళలో చోటు చేసుకున్న ఒక బ్రిగేడ్. ఆయన అయినా కొట్టేవాడే అని జర్మన్ జట్టులో ఉన్నవాళ్ళు వాదిస్తారు, ఆయన తత్వం తెలిసినవాడిగా నేనూ కాదనను. కానీ ఆ ఉదయం ఆరుబయట, కొబ్బరి తోటల్లోంచి, కనిపించని మెషిన్ గన్ల మీదకి నడవాల్సింది అస్కారీలు. పొదల్లో దాక్కుని పక్కనుంచి కొట్టే అవకాశం ఐట్కెన్ రిజర్వులో ఉన్న గ్రెనేడియర్స్‌ది.